మామయ్య గుండెలో స్టంటు

పోయిన నెల అమెరికా నుంచి మా టీమ్‌కి ఒక మెయిల్ వచ్చింది. రాసింది క్లయింటు వైపు మేనేజరు. ఆవిడ పుట్టి పెరిగింది అక్కడే, ఇంట్లో మాట్లాడేదీ ఇంగ్లీషే. పని దాదాపు పూర్తయినట్టే లెక్క అని చెప్పడానికి ఆవిడ 'ఫర్ ఆల్ ఇంటెన్సివ్ పర్పసెస్' అని రాశారు. అసలు మాట 'ఫర్ ఆల్ ఇంటెంట్స్ అండ్ పర్పసెస్'. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు చట్టాల భాషలోంచి జనం నోళ్ళలోకి వచ్చిన మాట అది. గబగబా పలికితే 'ఇంటెంట్స్ అండ్' కాస్తా 'ఇంటెన్సివ్' లాగే వినిపిస్తుంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని శ్రద్ధగా నోట్సులో రాసుకున్నాడు. వారం తిరక్కుండా మేం తయారుచేస్తున్న డాక్యుమెంటులో అదే మాట కనిపించింది. "ఇదెక్కడిది తమ్ముడూ?" అని అడిగితే "మేడమ్ మెయిల్లో ఉంది కదన్నా" అన్నాడు. తప్పని చెబితే ఒక పట్టాన నమ్మలేదు. "వాళ్ళ భాష వాళ్ళకి తెలీదా అన్నా?" అన్నాడు.

ఇదే కుర్రాడు అంతకు రెండు నెలల ముందు ఒక కాల్‌లో 'ఐలండ్' అనాల్సిన చోట 'ఐస్లాండ్' అన్నాడు. కాల్‌లో ఉన్న అమెరికా వాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. నవ్వింది మనవాళ్ళే. మైకులు ఆపుకుని మరీ నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు వాడు కాల్‌లో నోరు విప్పలేదు.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. నాకు అర్థమైనంతలో, మాటని తప్పుగా విన్న మనిషి చాలాసార్లు బుర్ర పెట్టి విన్న మనిషే. అర్థం కాని శబ్దం చెవిలో పడితే దాన్ని అలాగే వదిలేయకుండా, తనకు తెలిసిన మాటలతో ఒక అర్థం కట్టుకున్నాడు. మనం ఆ కష్టాన్ని చూడకుండా నవ్వేస్తున్నాం. నవ్వితే ఏమవుతుందో నాకు స్వయంగా తెలుసు. అది చివర్లో చెబుతాను.

ఓక్ చెట్టు కాయ

ఇలాంటి తప్పులకు ఇంగ్లీషులో ఒక పేరుంది, 'ఎగ్‌కార్న్' అని. ఓక్ చెట్టు కాయని 'ఏకార్న్' అంటారు. ఒకావిడ దాన్ని 'ఎగ్ కార్న్' అనుకుని అలాగే రాసేదని 2003లో మార్క్ లిబర్మన్ అనే అమెరికా భాషా శాస్త్రవేత్త ప్రస్తావించి, ఈ రకం పొరపాటుకు పేరేమైనా ఉందా అని అడిగారు. ఆ తప్పునే పేరుగా పెట్టేద్దామని సూచించింది జెఫ్రీ పుల్లమ్ అనే మరో భాషా శాస్త్రవేత్త. ఇప్పుడది నిఘంటువుల్లోకి ఎక్కింది.

ఆ కాయ ఫోటో ఒకసారి చూడండి. నున్నగా, కోలగా, అచ్చం చిన్న గుడ్డులా ఉంటుంది. ఒక పక్క గిన్నెలాంటి తొడిమ. 'కార్న్' అంటే గింజ. గుడ్డులాంటి గింజ! ఆవిడ పెట్టుకున్న పేరులో కాయ కళ్ళకు కడుతుంది.

ఇంకా చిత్రం, 'ఒప్పు' అనుకుంటున్న ఏకార్న్ కథ. పాత ఇంగ్లీషులో ఆ మాట రూపం వేరు. దానికి ఓక్ చెట్టుతో గానీ, గింజ అనే కార్న్‌తో గానీ పుట్టుకతో సంబంధం లేదు. పొలం, బయలు నేల అనే అర్థమున్న మాటకు అది దగ్గరి చుట్టం. మనం రోజూ అనే 'ఎకరం' కూడా ఆ కుటుంబంలోదే. కాయ ఓక్ చెట్టుది కాబట్టి జనం ఆ మాటలో ఓక్‌ని విన్నారు, గింజ కాబట్టి కార్న్‌ని విన్నారు. వందల ఏళ్ళు అలా వినీ వినీ స్పెల్లింగే మారిపోయింది. అంటే ఆవిడ దిద్దుకున్న మాట కూడా అంతకు ముందెవరో దిద్దుకున్నదే. పాత దిద్దుబాటు పుస్తకంలోకి ఎక్కింది, కొత్తది నవ్వులపాలైంది.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి కిరాణా కొట్టు గుర్తొచ్చింది. 'తూచా తప్పకుండా' అన్న మాట పెద్దవాళ్ళ నోట విని, అది తూచడం లోంచి వచ్చిందని చిన్నప్పుడు గట్టిగా నమ్మాను. ఆ కొట్టాయన తక్కెడ ముల్లు నిటారుగా నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. నాలుగు పప్పు గింజలు తీసి, రెండు వేసి, మళ్ళీ చూసేవాడు. తూచా తప్పకపోవడమంటే నాకు అదే. హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పేదాకా తు, చ అనేవి సంస్కృతంలో చిన్న చిన్న మాటలని, శ్లోకంలో పాదం నింపడానికి కూడా వాడతారని, వాటిని సైతం వదలకుండా అనే అర్థంలో ఆ పలుకుబడి వచ్చిందని తెలియదు. తెలిశాక కూడా ఆ మాట వినగానే నాకు కనిపించేది తక్కెడే.

గుర్రాలు పోయాక పగ్గాలు

ఇంగ్లీషులో ఈ తప్పులు ఎక్కడ ఎక్కువగా వస్తాయో చూస్తే కారణం తెలుస్తుంది. వస్తువు వాడకంలోంచి పోయి, మాట మాత్రం మిగిలిన చోట వస్తాయి.

'ఫ్రీ రెయిన్' ఇవ్వడమంటే గుర్రం పగ్గాలు వదులు చేసి దాని ఇష్టానికి పోనివ్వడం. రాజ్యం ఏలడమనే మాట కూడా ఇంగ్లీషులో సరిగ్గా అలాగే పలుకుతుంది, స్పెల్లింగే వేరు. తెలుగు లిపిలో రాస్తే ఆ తేడా కూడా మిగలదు. కారు నడుపుకునే మనిషికి పగ్గాలు ఎందుకు గుర్తుకొస్తాయి? ఒకరికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చామంటే ఏలుకోమన్నట్టే కదా అనుకుని ఏలుబడి స్పెల్లింగు రాసేస్తాడు. పెద్ద పెద్ద పత్రికల్లో కూడా ఇది దొర్లుతూనే ఉంటుంది.

'ఆన్ టెంటర్‌హుక్స్' అని ఇంకోటి. మనం ముళ్ళ మీద కూర్చున్నట్టుంది అంటామే, అదే టెన్షన్. తడి ఉన్ని బట్ట ఆరేటప్పుడు ముడుచుకుపోకుండా ఒక చట్రం మీద కొక్కేలతో లాగి కట్టేవారు. ఆ చట్రం పేరు టెంటర్. ఆ చట్రాలు పోయాయి. ఇప్పుడు కొందరు 'టెండర్ హుక్స్' అంటున్నారు. మెత్తని చోట కొక్కెం గుచ్చుకున్నట్టు ఊహించుకుంటే ఆ బాధా సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆకలి గురించిన మాట. 'వెట్ యువర్ ఎపటైట్' అనడంలో ఆ వెట్ అసలు అర్థం సాన పట్టడం. ఆకలిని కత్తిలా పదును పెట్టడమన్నమాట. చాలామంది దాన్ని తడపడమనే 'వెట్' అనుకుంటారు. తెలుగువాడిగా నాకు ఆ తప్పే సహజంగా తోస్తుంది. కొత్త ఆవకాయ కలిపిన అన్నం ముద్ద చూస్తే మనకు నోట్లో నీళ్ళూరతాయి. ఆకలికి తడితో ఉన్న చుట్టరికం మన భాషకి ఎప్పుడో తెలుసు.

ఇక 'స్కేప్‌గోట్'. దీన్ని 'ఎస్కేప్ గోట్' అన్నవాళ్ళని వెక్కిరించే జోకులు బోలెడు. ఆ మాట పుట్టుక చూస్తే వెక్కిరించడానికి ఏమీ లేదు. బైబిల్లో రెండు మేకల ప్రస్తావన వస్తుంది. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని మీద జనం పాపాలన్నీ మోపి, చంపకుండా అడవిలోకి తోలేస్తారు. 1530లో విలియం టిండేల్ బైబిల్ని ఇంగ్లీషులోకి తెస్తూ ఆ రెండో మేకకు ఈ పేరు పెట్టాడు. అందులో 'స్కేప్' అంటే ఎస్కేపే, తప్పించుకుపోవడమే. మనం తెలుగులో దీన్ని 'బలిపశువు' అంటాం. బలైపోయింది మొదటి మేక! వాడుకలో బలిపశువుకి ఇప్పుడున్న అర్థాన్ని నేనేమీ కాదనడం లేదు. కానీ పాత కథకు దగ్గరగా ఉన్నది ఎస్కేప్ గోట్ అని తప్పుగా రాసిన మనిషే.

చెవి తప్పు, కంటి తప్పు

ఇక్కడ మన సంగతికి వస్తాను. ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్ళు 'కుడ్ హావ్' అని రాయాల్సిన చోట 'కుడ్ ఆఫ్' అని రాస్తుంటారు. వాళ్ళ నోట్లో ఆ 'హావ్' నలిగి చిన్నదైపోయి 'ఆఫ్' తో కలిసిపోతుంది. వాళ్ళు పుట్టినప్పటి నుంచీ విన్నదే రాస్తారు. మా ఆఫీసులో ఇన్నేళ్ళలో ఒక్క తెలుగు పిల్లవాడు కూడా 'కుడ్ ఆఫ్' అని రాయగా నేను చూడలేదు. మనం 'కుడ్ హావ్' అని పూర్తిగా పలుకుతాం, ఎందుకంటే మనలో చాలామందికి ఇంగ్లీషు మొదట చెవిలో పడలేదు, కంటికి కనిపించింది. టెక్స్ట్‌బుక్కులో, గైడులో, నల్లబల్ల మీద.

అందుకే మన తప్పులు కంటి తప్పులు. రాసి ఉన్న అక్షరాన్ని గౌరవించి పలుకుతాం. 'డెట్' లో బి ఉంది కాబట్టి 'డెబ్ట్' అంటాం. 'రిసీట్' లో పి ఉంది కాబట్టి 'రిసీప్ట్' అంటాం. ఐలండ్‌లో ఎస్ ఉంది కాబట్టి ఐస్లాండ్ అంటాం. అక్షరానికి శబ్దం ఉండే భాషలో పెరిగినవాళ్ళం. రాసింది పలకకూడదంటే మనకెలా తడుతుంది?

ఆ ఐలండ్‌లో ఎస్ ఎలా వచ్చిందో తెలిశాక నాకు నిజంగా బాధేసింది. పాత ఇంగ్లీషులో ఆ మాటలో ఎస్ లేదు. అది అచ్చమైన ఇంగ్లీషు మాట. ఫ్రెంచి దారిలో లాటిన్ నుంచి వచ్చిన 'ఐల్' అనే ఇంకో మాట ఉంది, దానికీ ద్వీపమనే అర్థం. రెండూ ఒకే కుటుంబమని చదువుకున్నవాళ్ళు పొరబడి, లాటిన్ మాటలో ఉన్న ఎస్‌ని పదహారో శతాబ్దం ప్రాంతంలో దీనికీ తగిలించారు. అంటే అది కూడా ఒక ఎగ్‌కార్న్ లాంటిదే. పండితులు చేసింది కాబట్టి స్పెల్లింగు అయింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత మన కుర్రాడొకడు ఆ ఎస్‌ని నమ్మి పలికితే, హైదరాబాదులో కూర్చుని మైకులు ఆపుకుని నవ్వాం.

మామయ్య

నాలుగేళ్ళ కిందట మా పెద్ద మామయ్యకు గుండెనొప్పి వచ్చింది. రక్తనాళాలు రెండు మూసుకుపోతే స్టెంట్లు వేశారు. ఇంటికొచ్చాక పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకీ మామయ్య చెప్పేవాడు, "నాకు రెండు స్టంట్లు వేశారయ్యా" అని. తెలుగునాట సగం మంది అలాగే అంటారు, పేపర్లలో కూడా అలా అచ్చవుతుంది. ఒకరోజు పదిమంది చుట్టూ ఉండగా నేను దిద్దాను. "స్టంట్ కాదు మామయ్యా, స్టెంట్. స్టంట్ అంటే సినిమాల్లో ఫైట్లు" అన్నాను. అందరూ నవ్వారు. మామయ్యా నవ్వాడు. నవ్వుతూనే భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు మొహం మీద ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపే ఉంది.

ఆ రోజు నుంచి మామయ్య ఆ మాట అనడం మానేశాడు. ఎవరైనా అడిగితే "గుండెకి ఏదో చేశార్లే" అనేవాడు. తన ఒంట్లో ఉన్న వస్తువు పేరు తనే చెప్పలేకుండా చేశాను నేను.

ఇంతకీ స్టెంట్ అంటే అర్థమేమిటి? ఆ రోజు మామయ్య అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతికాను. అది ఒక మనిషి పేరు. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో చార్ల్స్ స్టెంట్ అనే దంతవైద్యుడు పళ్ళ అచ్చు తీయడానికి వాడే పదార్థాన్ని మెరుగుపరిచాడు. ఆయన పేరు ఆ పదార్థానికి, దాన్నుంచి వైద్యంలో లోపల ఆసరాగా నిలిపే వస్తువులకూ పాకింది. ఆ శబ్దంలో రక్తనాళం లేదు, గుండె లేదు, అర్థం చేసుకోవడానికి ఏ పట్టూ లేదు. ఆల్జైమర్ జబ్బూ అంతే. 1906లో ఆ జబ్బు లక్షణాలు వివరించిన జర్మన్ డాక్టరు పేరది. అమెరికాలో కొందరు దాన్ని 'ఓల్డ్ టైమర్స్ డిసీజ్' అంటారు, ముసలివాళ్ళ జబ్బు అని. పట్టు లేని చోట మనిషి ఒక పట్టు చేసుకుంటాడు. మామయ్యకు తెలిసిన మాటల్లో దానికి దగ్గరగా ఉన్నది స్టంట్. ప్రాణం మీదికొచ్చి బయటపడ్డ మనిషి నోట ఆ మాట అంత అసందర్భంగా కూడా లేదు.

మరి దిద్దొద్దా?

ఇంటర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నా స్నేహితుడికి ఇదంతా చెబితే ఒప్పుకోలేదు. "నీకేం, బ్లాగు రాసుకుంటావు. నా పిల్లలు పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయి, ఇంటర్వ్యూలో రాస్తే ఉద్యోగం పోతుంది" అన్నాడు. వాడన్నది నిజం. దిద్దకుండా వదిలేయడం కూడా ఒక రకం అన్యాయమే, అందులోనూ ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లల విషయంలో. మందుల పేర్ల దగ్గరైతే అసలు రాజీ కుదరదు. ఒకేలా వినిపించే రెండు మందుల్లో ఒకదానికి బదులు ఇంకోటి ఇస్తే ప్రాణం పోతుంది. అక్కడ అర్థం కట్టుకోవడం కాదు, అక్షరం ముఖ్యం.

ఇంకో అనుమానం నాకే ఉంది. ఈ తప్పులన్నిటికీ నేను తీరిగ్గా కూర్చుని అర్థం అల్లుతున్నానేమో, పలికినవాళ్ళు అసలేమీ ఆలోచించలేదేమో. కొన్నిటిలో అదే జరిగింది. 'డ్యాంప్ స్క్విబ్' అంటే తడిసిన టపాకాయ, తుస్సుమన్నది అని. దాన్ని బ్రిటన్‌లో కొందరు 'డ్యాంప్ స్క్విడ్' అంటారు. స్క్విడ్ సముద్రంలో బతికే జీవి, అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందులో నిరాశపడేదేముంది? 'కాక్‌రోచ్' కూడా అంతే. స్పానిష్ 'కుకరాచా' వాళ్ళ చెవిన పడి కోడిపుంజు, చేప కలిసిన మాటగా తేలింది. బొద్దింకలో కోడీ లేదు, చేపా లేదు. చెవికి తెలిసిన ముక్కలు దొరికితే చాలని అక్కడ సరిపెట్టుకున్నారు. మా మేనేజరు రాసిన ఇంటెన్సివ్ కూడా బహుశా ఈ రకమే. అంతకుమించి దానికి అర్థం చెప్పడం నావల్ల కాలేదు.

అందుకే ఊహించడం మానేసి అడగడం మొదలుపెట్టాను. మొన్న మా ఇంట్లో కరెంటు పోతే ఎలక్ట్రీషియన్ వచ్చి "షాక్ సర్క్యూట్ అయింది సార్" అన్నాడు. నాలుగేళ్ళ కిందటి నేనైతే షార్ట్ సర్క్యూట్ అని దిద్దేవాణ్ణి. ఈసారి "షాక్ సర్క్యూట్ అంటే ఏంటన్నా?" అని అడిగాను. మాడిన వైర్లు రెండూ వేళ్ళతో పట్టుకుని చూపించాడు. పైన ఎర్ర తొడుగు కరిగి లోపలి రాగి తీగ నల్లగా బయటపడింది. "ఇది దీనికి తగిలింది సార్. తగిలితే షాకే కదా. కొందరు షార్ట్ అంటారు. షార్ట్ అంటే పొట్టి. పొట్టి సర్క్యూట్ ఏంటి సార్, అర్థం లేకుండా?" అన్నాడు. కరెంటు బల్బు దాకా పోకుండా మధ్యలోనే దగ్గర దారి చూసుకుంది కాబట్టి షార్ట్ అంటారని చెప్పాను. ఒక్క క్షణం వైర్ల వంక చూసి "ఆఁ, అడ్డదారి! అలా అయితే కరెక్టే" అన్నాడు. వాడు ఆలోచించే ఆ మాట వాడాడు, ఆలోచించే ఒప్పుకున్నాడు. నా స్నేహితుడికి ఇదే చెప్పాను. దిద్దు, కానీ ముందు అడుగు. పిల్లవాడు కట్టుకున్న అర్థం విన్నాక దిద్దితే వాడు నోరు మూసుకోడు.

కొన్ని తప్పులు దిద్దే అవసరమే తీరిపోయి ఊరి పేర్లయ్యాయి. నిజాం అలీ ఖాన్ సైన్యంలో మొసియో రేమాఁ (ఇంగ్లీషులో రేమండ్) అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1798లో చనిపోయాడు. ఆ పేరు హైదరాబాదులో ముస్లింల చెవికి మూసా రహీం అని వినిపించింది, హిందువుల చెవికి మూసా రాం అని వినిపించింది. ఎవరికి దగ్గరైన దేవుణ్ణి వాళ్ళు అందులో విన్నారు. పరాయి దేశం వాణ్ణి ఇంతకన్నా ప్రేమగా ఎలా పిలుస్తారో నాకు తెలీదు. మెట్రోలో వెళ్తుంటే ఇప్పుడు మూసారాంబాగ్ స్టేషన్ అని ప్రకటన వినిపిస్తుంది. రేమండ్‌బాగ్ అని దిద్దమని ఎవరూ అడగరు.

పోయిన వారం మామయ్యని చెకప్‌కి తీసుకెళ్ళాను. పాత డాక్టరుగారు లేరు, కొత్తగా వచ్చిన అమ్మాయి, చిన్న వయసు. "ఇదివరకు గుండెకి ఏమైనా చేశారా పెదనాన్నా?" అని అడిగింది. మామయ్య నా వైపు ఒకసారి చూసి, "లోపల స్ప్రింగులు పెట్టారమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. ఎప్పుడు కట్టుకున్నాడో తెలీదు. మూసుకుపోయిన నాళాన్ని తెరిచి పట్టుకునే సన్నని లోహపు వల అది. స్టంట్ కన్నా, స్టెంట్ కన్నా ఆ మాటే వస్తువుకి దగ్గరగా ఉంది.

నేను నోరు తెరవబోయి ఆగిపోయాను. ఆ అమ్మాయి ఫైల్లో ఇంగ్లీషులో ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఎన్ని స్ప్రింగులు పెదనాన్నా?" అంది.

మామయ్య కుర్చీలో కాస్త ముందుకి జరిగాడు. "రెండమ్మా. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చెబుతా విను..."